సాదాగుడ్డ – పరదేశపు అచ్చు: ఉత్తర కోస్తాంధ్ర వస్త్రచరిత్రలో రూపాంతరణం

వ్యాససంగ్రహం:

పాతకాలపు ఫ్రెంచి రూపాలను సాదా వంటింటి గుడ్డల మీదికి, బల్లగుడ్డల మీదికి ఎక్కించుకోవడం నేటి గృహాలంకరణలో ఒక అభిరుచి. ఆ రూపాలకూ, వాటిని గుడ్డమీదికి దించే పద్ధతికీ కోరమాండల్ తీరపు అద్దకంతో ఉన్న సంబంధం మూడు శతాబ్దాలకు పైబడినది. బొమ్మ ఎక్కిన గుడ్డకు చరిత్రలో పేరు దక్కింది, బొమ్మను మోసిన సాదాగుడ్డకు దక్కలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల చరిత్రను ఈ కోణంలో పరిశీలించి, సాదాగుడ్డకే పేరు తెచ్చుకున్న పొందూరు ఖాదీ ప్రత్యేకతను నిరూపించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలకపదాలు: అద్దకం, చీటిగుడ్డ, చిల్లుల కాగితం, శ్రీకాకుళం సర్కారు, జూయి వస్త్రం, జాందానీ, పొందూరు ఖాదీ.

1. ఉపోద్ఘాతం:

వస్త్రచరిత్ర రచనలో ఒక అలవాటు స్థిరపడి ఉంది. కలంకారీ, పటోలా, ఇకత్, జాందానీ వంటి పేర్లు గుడ్డమీద కనిపించే పనిని బట్టి ఏర్పడినవి. ఆ పనికి ఆధారమైన నేతను చెప్పవలసివచ్చినప్పుడు "నూలుగుడ్డ", "తెల్లగుడ్డ" అన్న ఒక్క మాటతో సరిపెట్టడం జరుగుతున్నది. బొమ్మ గీసినవారు కళాకారులుగా, గుడ్డ నేసినవారు ముడిసరుకు అందించినవారుగా మిగిలిపోయారు.

ఈ విభజన ఎంతవరకు సమంజసం అన్న ప్రశ్నకు ఉత్తర కోస్తాంధ్ర మంచి పరీక్షాస్థలం. మచిలీపట్నం, శ్రీకాళహస్తి అద్దకానికీ కలంపనికీ ప్రసిద్ధి పొందగా, శ్రీకాకుళం ప్రాంతం సన్ననూలు సాదానేతకు ప్రసిద్ధి పొందింది. అద్దకాన్ని యూరప్ నేర్చుకున్న 18వ శతాబ్దిలోనే ఈ ప్రాంతం కొద్దికాలం ఫ్రెంచివారి అధికారం కిందికి వచ్చింది. ఈ రెండు పరిణామాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, బొమ్మ ఒక దేశం నుంచి మరొక దేశానికి, ఒక గుడ్డమీది నుంచి మరొక గుడ్డమీదికి ఎట్లా దిగుతుందో, ఆ క్రమంలో ఎవరి పేరు నిలుస్తుందో తెలుసుకోవచ్చు.

2. సాదాగుడ్డ – గుర్తు – బొమ్మ:

తెలుగువారి వంటింట్లో గుడ్డకు ప్రత్యేకమైన స్థానం ఉంది గాని ప్రత్యేకమైన అలంకారం లేదు. కుండమూతికి కట్టే వాసెనగుడ్డ, ఇడ్లీపళ్లెంలో పరిచే గుడ్డ, వేడిగిన్నె దించే మసిగుడ్డ, చేతులు తుడుచుకునే తుండుగుడ్డ – ఇవన్నీ పనిని బట్టి పేరు తెచ్చుకున్నవే. వీటిలో ఎక్కువభాగం అంతకుముందు పంచెగానో చీరగానో ఒక జీవితం గడిపి వచ్చినవి. మసిగుడ్డ అన్న మాటలోనే దాని అంతస్తు తెలుస్తుంది.

అయినా ఇంటిగుడ్డ పూర్తిగా గుర్తులేనిది కాదు. చాకలివారు ఏ గుడ్డ ఏ ఇంటిదో తెలియడానికి దాని మూలన నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవారు. సంస్కృతంలో భల్లాతకం అని పిలిచే ఈ గింజరసం సున్నంతో కలిసినప్పుడు నల్లగా మారి ఎన్ని ఉతుకులకైనా పోకుండా నిలుస్తుంది. ఇంగ్లీషువారు ఆ గింజను గుర్తులు పెట్టే గింజగానే తమ భాషలో పిలిచారు. పలాస, ఉద్దానం ప్రాంతాలకు పేరు తెచ్చిన జీడిమామిడి కూడా ఈ వృక్షకుటుంబానికే చెందినది. జీడిపిక్కల తొక్కలోని నూనె చేతులకు అంటితే పొక్కుతుందనీ, మరక ఒకపట్టాన పోదనీ ఆ పని చేసేవారికి అనుభవం. సాదాగుడ్డ మీదికి ఒక రూపాన్ని శాశ్వతంగా దించడం అన్న అర్థంలో చాకలిగుర్తు అత్యంత సామాన్యమైన అద్దకం.

ఫ్రాన్సులోనూ వంటింటి గుడ్డల అలంకారానికి మొదలు ఇటువంటి అవసరమే. 19వ శతాబ్దిలో అక్కడి బాలికలు పెళ్లినాటికి తువ్వాళ్లు, బల్లగుడ్డలు, పాత్రలు తుడిచే గుడ్డలు డజన్ల లెక్కన సిద్ధం చేసుకొని, ఒక్కొక్కదాని మూలన తమ పేరులోని మొదటి అక్షరాలను ఎర్రదారంతో కుట్టుకునేవారు. ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే జరిగే పెద్ద ఉతుకులో ఎవరి గుడ్డలు వారికి తిరిగి చేరడానికి ఆ అక్షరాలు ఉపకరించేవి. నేడు పాతకాలపు ఫ్రెంచి అందంగా భావించి సాదాగుడ్డల మీదికి ఎక్కించుకుంటున్న అక్షరముద్రలకు ఇది నేపథ్యం. శ్రీకాకుళం చాకలిగుర్తు, ఫ్రెంచి ఇంటి ఎర్రక్షరం పుట్టుకలో ఒకే అవసరానికి చెందినవి. ఒకటి అలంకారంగా ఎదిగింది, మరొకటి గుడ్డమూలలోనే ఆగిపోయింది.

బొమ్మలద్దిన గుడ్డకు తెలుగులో చీటిగుడ్డ అన్న మాట ఉంది. ఇంగ్లీషులోని చింట్జ్‌కు, హిందీ ఛీంట్‌కు ఇది సమీపబంధువు. ఫ్రెంచివారు ఇటువంటి గుడ్డలను "ఇందియెన్" అన్నారు. ఇండియాది అని దాని అర్థం. దేశం పేరే సరుకు పేరుగా మారింది.

3. చిల్లుల కాగితం – 1742 నాటి లేఖ:

అద్దకపు రహస్యాన్ని తెలుసుకోవడానికి ఫ్రెంచివారు 18వ శతాబ్ది పూర్వార్ధంలో గట్టి ప్రయత్నం చేశారు. ఆంత్వాన్ ద బోల్యూ అన్న నౌకాధికారి 1734 ప్రాంతంలో పుదుచ్చేరిలో అద్దకపు పనిని దగ్గరుండి చూసి, పనిలోని ఒక్కొక్క దశ ముగిసినప్పుడు గుడ్డనుంచి ఒక్కొక్క ముక్కను సేకరించి, తన వివరణతోపాటు భద్రపరిచాడు. ఆ రాతప్రతి, గుడ్డముక్కలు పారిస్ ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు చేరాయి.

ఇంతకన్నా ప్రసిద్ధమైనది జెస్యూట్ మతాచార్యుడు గాస్తోఁ లోరాఁ కూర్దూ 1742 జనవరిలో రాసిన లేఖ. 1732లో భారతదేశానికి వచ్చిన కూర్దూ తెలుగు నేర్చి, తెలుగు–సంస్కృతం–ఫ్రెంచి నిఘంటువును కూర్చిన పండితుడు. సంస్కృతానికీ, గ్రీకు లాటిన్ భాషలకూ బంధుత్వం ఉందని 1767లో ఫ్రెంచి విద్వత్పరిషత్తుకు తెలియజేసినవాడు. భాషాశాస్త్ర చరిత్రలో గుర్తింపు పొందిన ఈయన, అద్దకపు పని తెలిసిన నూతన క్రైస్తవులను అడిగి ఆ విద్యను అక్షరబద్ధం చేశాడు. జెస్యూట్ల లేఖాసంపుటాల ద్వారా అది యూరప్‌లో ప్రచారం పొందింది.

కూర్దూ వివరించిన క్రమం ఇది. సగం చలువచేసిన నూలుగుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, పిండి, ఎండబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టి నిలుపుతుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. తరువాత గుడ్డను చెక్కమీద పరిచి కొట్టి నునుపు చేస్తారు. బొమ్మను ముందుగా కాగితం మీద గీసి, ముఖ్యమైన గీతల వెంట సూదితో సన్నని చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని గుడ్డమీద పరిచి బొగ్గుపొడి మూటతో అద్దితే, చిల్లుల గుండా పొడి దిగి గుడ్డమీద చుక్కలుగా నిలుస్తుంది. చిత్రకారుడు ఆ చుక్కలను కలుపుతూ కలంతో గీత గీస్తాడు. ఎరుపుకు పటిక, చిరివేరు. నలుపుకు ఇనుము పులియబెట్టిన రసం. నీలానికి మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచడం – ఇవి తరువాతి దశలు.

చుక్కలను కలిపి రూపాన్ని రాబట్టడం తెలుగు ఆడవారికి చిన్ననాటి విద్య. ముగ్గులో చుక్కలను చెయ్యి పెడుతుంది, చిల్లుల కాగితంలో సూది పెడుతుంది. రెండింటిలోనూ గీతకు ముందు చుక్కే ఆధారం. సంక్రాంతి రోజుల్లో అంగళ్లలో అమ్మే చిల్లుల ముగ్గుగొట్టాలు, ముగ్గుజల్లెడలు అచ్చంగా ఈ సూత్రం మీదనే పనిచేస్తాయి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లోని మగ్గం వర్క్ దుకాణాల్లో జాకెట్టుగుడ్డ మీదికి బొమ్మను దించే పద్ధతి కూడా ఇంతకు భిన్నం కాదు. పలుచని కాగితం మీద గీసిన బొమ్మకు సూదితో చిల్లులు పొడిచి, తెల్లపొడిని కిరసనాయిలులో కలిపి గుడ్డపీలికతో రుద్దుతారు. బొగ్గుపొడి స్థానంలో మరొక పొడి వచ్చింది. సూది, కాగితం, చుక్క మారలేదు.

ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. కూర్దూ లేఖ బొమ్మను గురించి మాత్రమే కాదు, గుడ్డను సిద్ధం చేయడం గురించి కూడా. నేత నేసేటప్పుడు పడుగుకు పట్టించిన గంజి వదలాలి, చలువ ఎంతవరకో అంతవరకే కావాలి, పోగు మధ్య సందు సమంగా ఉండాలి. నేటికీ సాదాగుడ్డ మీదికి ఏ పద్ధతిలో బొమ్మ దించాలన్నా ముందుగా గుడ్డను ఉతికి గంజి పోగొట్టడం తప్పనిసరి. బొమ్మ దిగనిదీ, దిగి చెదిరిపోయేదీ చాలావరకు గుడ్డ సిద్ధం కానప్పుడే. సాదాగుడ్డ అంటే ఏమీ చేయని గుడ్డ అన్న భావన పనివారి దృష్టిలో నిలవదు.

4. 1753–1760: శ్రీకాకుళం సర్కారు, ఫ్రెంచి అద్దకం:

ఫ్రెంచివారికి 1669 నుంచి మచిలీపట్నంలో వర్తకస్థావరం ఉంది. 1753లో నిజాము సలాబత్ జంగ్ తన కొలువులోని ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను బుస్సీకి అప్పగించాడు. దీనితో నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రాంతం కాగితంమీద ఫ్రెంచివారి ఆదాయవనరు అయింది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఈ ఏర్పాటు ఫలితమే. విజయనగర ప్రభువు విజయరామరాజు పక్షాన బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చడం, రాజాం నుంచి వచ్చిన తాండ్ర పాపారాయుడు విజయరామరాజును హతమార్చడం తెలుగుజాతి జ్ఞాపకంలో స్థిరపడిన ఘట్టాలు. తరువాత విజయనగరం గద్దెనెక్కిన ఆనందగజపతి ఇంగ్లీషువారిని ఆహ్వానించాడు. 1758 డిసెంబరు 7న చందుర్తి వద్ద ఫోర్డు సేనలు ఫ్రెంచివారిని ఓడించాయి. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఇంగ్లీషువారి వశమైంది.

ఇదే సమయంలో ఫ్రాన్సులో మరొక కథ నడుస్తున్నది. ఇందియెన్‌ల మోజు వల్ల తమ పట్టు, ఉన్ని పరిశ్రమలు దెబ్బతింటున్నాయని 1686 అక్టోబరులో ఫ్రెంచి ప్రభుత్వం అద్దకపు నూలుగుడ్డల దిగుమతినీ, దేశంలో వాటి తయారీనీ నిషేధించింది. నిషేధం ఉన్నా మోజు తగ్గలేదు, దొంగరవాణా ఆగలేదు. నిషేధానికి ముందే అనుకరణ మొదలైంది. మార్సెయ్ నగరంలో 1648లోనే పేకముక్కలు తయారుచేసే ఒక పనివాడు, ఒక చెక్కడపుపనివాడు కలిసి గుడ్డల అద్దకానికి ఒప్పందం రాసుకున్నారు. ముక్కలమీద రాజూరాణీ బొమ్మలు దించే చెక్కఅచ్చు గుడ్డమీదికి మళ్లింది. నేడు ప్రొవాన్స్ శైలి వంటింటి గుడ్డలుగా ప్రపంచమంతటా అమ్ముడుపోతున్న చిన్నపూల, మామిడిపిందెల రూపాలు ఆ అనుకరణ సంప్రదాయానికి వారసులు.

73 సంవత్సరాల తరువాత 1759లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. మచిలీపట్నం పోయిన సంవత్సరమే ఫ్రాన్సులో అద్దకానికి స్వేచ్ఛ వచ్చింది. ఒకటి మరొకదానికి కారణం కాదు. అయినా ఈ రెండు తేదీలు ఒక మలుపును సూచిస్తున్నాయి. అద్దకపు గుడ్డలు పుట్టిన తీరం మీద ఫ్రెంచివారి పట్టు సడలినప్పుడు, ఆ విద్య కాగితాల రూపంలో వారి దేశంలో స్థిరపడే ఉంది. 1760 మే 1న వెర్సెయ్ సమీపంలోని జూయి గ్రామంలో ఒబెర్‌కాంఫ్ తన మొదటి అద్దకపు గుడ్డను తీశాడు. చెక్కఅచ్చులతో మొదలైన ఆ కర్మాగారం 1770 నుంచి రాగిపలకల మీద చెక్కిన బొమ్మలను గుడ్డకు దించింది. 1783 నుంచి ఉయే అనే చిత్రకారుడు బొమ్మలు సమకూర్చాడు. 1797లో రాగి రోలరు వచ్చింది. తెల్లగుడ్డ మీద ఎరుపో నీలమో ఒకే రంగులో పల్లెపడుచులు, గొర్రెలకాపరులు, ఊయలలు కనిపించే ఆ జూయి వస్త్రం 1843లో కర్మాగారం మూతపడిన తరువాత కూడా ఫ్రెంచిదనానికి గుర్తుగా మిగిలింది.

ఆ ఫ్రెంచిదనం ఏ గుడ్డమీద నిలిచింది అన్నది ముఖ్యమైన ప్రశ్న. ఒబెర్‌కాంఫ్ తన అద్దకానికి వాడిన తెల్లగుడ్డలో గణనీయమైన భాగం లోరియాఁ, లండన్ రేవుల్లో కంపెనీల వేలంపాటల్లో కొన్న భారతీయ నూలుగుడ్డ. ఇంగ్లండులో కూడా 1700 నాటి చట్టం బొమ్మలున్న గుడ్డలను ఆపి సాదాగుడ్డలను రానిచ్చింది. ఫలితంగా యూరపు మార్కెట్టు భారతీయ నేతను రెండుగా చీల్చింది. గుడ్డ ఇక్కడిది, బొమ్మ అక్కడిది అన్న విభజన ప్రకృతిసిద్ధంగా వచ్చినది కాదు, చట్టాల వల్ల, సుంకాల వల్ల ఏర్పడినది.

ఉత్తర సర్కారులు ఈ సాదాగుడ్డ వర్తకంలో ముఖ్యమైన భాగస్వాములు. ఇక్కడి తానుల నాణ్యతను పుంజాలతో కొలిచేవారు. 120 పడుగుపోగులు ఒక పుంజం. పుంజాలు పెరిగినకొద్దీ గుడ్డ సన్నబడుతుంది, వెల పెరుగుతుంది. కంపెనీ లెక్కల్లో ఆ గుడ్డ పేరే పుంజం అయింది. శ్రీకాకుళం సన్నమస్లిన్ ఢాకా మస్లిన్‌తో పోల్చదగినదిగా 19వ శతాబ్ది గెజిటీర్ల కాలం వరకు పేరు నిలుపుకుంది. తానుమీద కంపెనీ ముద్ర, లెక్కపుస్తకంలో పుంజాల సంఖ్య ఉండేవి. నేసినవాని పేరుకు చోటు లేదు. పి. స్వర్ణలత 2005లో ప్రచురించిన గ్రంథం 1750–1850 మధ్య ఉత్తర కోరమాండల్ నేతవారి ప్రపంచాన్ని వివరిస్తూ, వారు బయానాల, నాణ్యత తనిఖీల ఒత్తిడికి ఎదురునిలిచి అర్జీలు పెట్టుకున్న తీరును చూపింది. సాదాగుడ్డ వెనుక నోరులేని జనం లేరనడానికి ఆ అర్జీలే సాక్ష్యం.

5. తిరిగివచ్చిన రూపం:

19వ శతాబ్దిలో దిశ మారింది. యూరప్ మిల్లుగుడ్డ భారతీయ బజార్లను నింపగా, యూరపు రూపాలు కుట్టుపని ద్వారా తెలుగు ఇళ్లలోకి వచ్చాయి. ఈ మార్పును ఒక్క దారపుచుట్ట చరిత్రలో చూడవచ్చు. డీఎంసీ పేరుతో లోకమంతటా ప్రసిద్ధమైన ఎంబ్రాయిడరీ దారం మ్యుల్‌హౌస్ నగరానిది. ఆ సంస్థకు మూలం 1746లో అక్కడ మొదలైన అద్దకపు కర్మాగారం. భారతీయ చీటిగుడ్డల అనుకరణతో పుట్టిన సంస్థ తరువాత కుట్టుదారాలకు మళ్లి, తెరీజ్ ద దిల్మోఁ 1886లో వెలువరించిన కుట్టుపనుల విజ్ఞానసర్వస్వం వంటి గ్రంథాలను, బొమ్మలపుస్తకాలను దేశదేశాలకు పంపింది. కోరమాండల్ పూలు ఫ్రాన్సు చుట్టూ తిరిగి, ఫ్రెంచి పూలుగా కుట్టుపుస్తకాల్లో వెనక్కి వచ్చాయి.

1870ల తరువాత కెనడియన్ బాప్టిస్టు మిషన్ భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి, విజయనగరం పట్టణాల్లో కేంద్రాలు నెలకొల్పింది. ఆనాటి బాలికల పాఠశాలల్లో కుట్టుపని బోధనాంశం. కార్బన్ కాగితం, చిల్లుల కాగితం, 19వ శతాబ్ది చివరలో వచ్చిన ఇస్త్రీపెట్టె అచ్చు – ఇవన్నీ సాదాగుడ్డ మీదికి గీతను దించే సాధనాలుగా వ్యాపించాయి. ఇస్త్రీ అచ్చులో వేడికి కరిగే సిరాతో బొమ్మను తలకిందులుగా ముద్రిస్తారు. గుడ్డమీద బోర్లించి వేడిచేస్తే అది సరిగా దిగుతుంది. తలగడ గలీబులు, బల్లగుడ్డలు, తలుపుతెరల మీద గులాబీలు, బుట్టపూలు, చిలుకలజంటలు తెలుగిళ్లలో స్థిరపడిన విధానం ఇది.

బల్లగుడ్డల విషయంలో ఉత్తర కోస్తాకు దక్షిణాన, గోదావరి డెల్టాలోని నరసాపురం అనుభవం పోల్చదగినది. మిషనరీ స్త్రీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఎగుమతి పరిశ్రమగా ఎదిగి, యూరప్ భోజనబల్లల మీదికి చేరింది. మరియా మీస్ 1982లో వెలువరించిన నరసాపురం లేసుకత్తెల అధ్యయనం ఒక కఠినమైన నిజాన్ని బయటపెట్టింది. ఆ స్త్రీలను పనివారుగా గాక, తీరిక వేళలో అల్లుకునే గృహిణులుగా లెక్కించడం వల్లనే వారి కూలి అంత తక్కువగా ఉండగలిగింది. వంటింటికీ, భోజనబల్లకూ చెందిన గుడ్డను "ఇంటిపని" అనడం వల్ల దాని వెనుకనున్న శ్రమ కనిపించకుండా పోయింది. సాదాగుడ్డను "ముడిసరుకు" అనడం వల్ల జరిగిందీ ఇదే.

6. పొందూరు – గుడ్డకే దక్కిన పేరు:

ఈ నేపథ్యంలో పొందూరు ఖాదీని ఒక మినహాయింపుగా గుర్తించాలి. శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు పేరు చెప్పినప్పుడు ఏ బొమ్మా మనసుకు రాదు. నూలు గుర్తుకు వస్తుంది. గాంధీజీ తన కుమారుడు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపి ఈ నేతను పరిశీలింపజేశారని ప్రసిద్ధి. 1949లో ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడి, వడికేవారినీ నేసేవారినీ ఒక వ్యవస్థ కిందికి తెచ్చింది.

పొందూరు పద్ధతిలో ప్రతిదశా చేతిపనే. కొండపత్తి, పునాసపత్తి, ఎర్రపత్తి గింజలను ఏరిన తరువాత, వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వుతారు. సన్నని పళ్లవరుస గల ఆ ఎముక పీచును నలగకుండా సమం చేస్తుంది, చెత్తను తొలగిస్తుంది. చెక్కపలక మీద ఇనుపకడ్డీతో గింజను వేరుచేయడం, వింటితో ఏకడం, ఏకులు చుట్టడం తరువాతి పనులు. ఏకు చెమ్మగిల్లకుండా, నలగకుండా ఎండిన అరటిబోదె పొరలో పెట్టుకొని వడుకుతారు. 24 ఆకుల చక్రమున్న ఒంటికదురు రాట్నం మీద నూరు నంబరు, అంతకు మించిన నూలు తీయగల నేర్పు ఇక్కడి స్త్రీలది. పట్టుశాలి కులస్త్రీల వడుకు, దేవాంగుల నేత ఈ సంప్రదాయానికి మూలస్తంభాలు.

ఇటువంటి గుడ్డమీదికి బొమ్మను దించవలసివచ్చినప్పుడు ఈ ప్రాంతం ఎంచుకున్న మార్గం జాందానీ. ఇందులో అచ్చు లేదు, రంగు పూత లేదు. కాగితం మీద గీసిన బొమ్మను పడుగు కింద అమర్చి, దాన్ని చూస్తూ నేతగాడు పేకపోగుల మధ్య అదనపు పోగును చేత్తో జొనుపుతాడు. కూర్దూ వర్ణించిన కాగితం గుడ్డకు పైన ఉంటుంది, జాందానీ కాగితం గుడ్డకు కింద ఉంటుంది. మొదటిదానిలో గుడ్డ పూర్తయిన తరువాత బొమ్మ వస్తుంది. రెండవదానిలో గుడ్డా బొమ్మా ఒకేసారి పుడతాయి. నేసినవానినీ బొమ్మ దించినవానినీ విడదీయడం సాధ్యం కాదు.

ఈ ప్రక్రియకు గట్టి పరీక్ష 2019లో గాంధీజీ 150వ జయంతి సందర్భంగా ఎదురైంది. హైదరాబాదుకు చెందిన వస్త్రరూపకర్త గౌరాంగ్ షా ఆధ్వర్యంలో రాజా రవివర్మ చిత్రాలు శ్రీకాకుళం ఖాదీ మీదికి జాందానీ నేతలో 30 చీరలుగా రూపొందాయి. రవివర్మ తైలవర్ణచిత్రణ యూరపు రీతిని అలవరచుకున్నది. 1894లో నెలకొల్పిన ముద్రణాలయం నుంచి వెలువడిన ఆయన చిత్రాలు తెలుగువారి పూజగదుల గోడలమీదికి చేరాయి. యూరపు రీతి వెలుగునీడలు, ముఖకవళికలు ఉన్న చిత్రాన్ని చేతివడుకు నూలుమీదికి పోగుపోగుగా దించడం, జూయిలో రాగిపలక చేసిన పనికి సరిగ్గా ఎదురుదారి. అక్కడ యంత్రం ఒకే బొమ్మను వేలసార్లు ముద్రించింది. ఇక్కడ ఒక్కొక్క ముఖాన్ని ఒక్కొక్కసారే నేయవలసివచ్చింది.

అయితే ఇందులోనూ పాత ప్రశ్న మిగిలే ఉంది. ఇటువంటి చీరను ప్రదర్శించినప్పుడు ముందుగా వినిపించేది చిత్రకారుని పేరు, తరువాత రూపకర్త పేరు. నేతగాడు, వడికిన స్త్రీ "శ్రీకాకుళం నేతవారు" అన్న సమూహనామంలో ఒదిగిపోతారు. పుంజాల లెక్కలో పేరు కోల్పోయిన 18వ శతాబ్ది నేతగానికన్నా ఇది మెరుగైన స్థితి. ఊరిపేరైనా దక్కింది. అది మనిషిపేరు వరకు చేరవలసి ఉంది.

7. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• సాదా వంటింటి గుడ్డల మీదికి నేడు ఎక్కుతున్న ఫ్రెంచి రూపాల్లో ఒక శాఖ ఇందియెన్‌ల అనుకరణ నుంచి పుట్టింది. మరొక శాఖ గృహవస్త్రాల గుర్తింపు అవసరం నుంచి పుట్టింది. రెండింటికీ తెలుగునాట సమాంతరాలు అద్దకంలో, చాకలిగుర్తులో ఉన్నాయి.

• చిల్లుల కాగితంతో బొమ్మను దించే పద్ధతిని 1742లో కూర్దూ నమోదు చేశాడు. అదే సూత్రం నేటి మగ్గం వర్క్ దుకాణాల్లో సజీవంగా ఉంది.

• శ్రీకాకుళం సర్కారు ఫ్రెంచివారి చేతినుంచి జారిపోయిన కాలం, ఫ్రాన్సులో అద్దకం పరిశ్రమగా మొదలైన కాలం ఒక్కటే. ఆ పరిశ్రమ తొలినాళ్లలో భారతీయ సాదాగుడ్డ మీద ఆధారపడింది.

• గుడ్డనూ బొమ్మనూ వేరుచేసి, బొమ్మకు కళాగౌరవాన్ని, గుడ్డకు సరుకువిలువను కట్టడం వర్తకచట్టాలు స్థిరపరిచిన అలవాటు. పొందూరు ఖాదీ, శ్రీకాకుళం జాందానీ ఆ అలవాటును ప్రశ్నిస్తున్నాయి.

వస్త్రచరిత్రను ఇకముందు రాసేవారు బొమ్మ పుట్టుకతోపాటు దాని కింది గుడ్డ పుట్టుకను కూడా నమోదు చేయవలసి ఉంది. ఏ పత్తి, ఎన్ని పుంజాలు, ఎవరి వడుకు, ఎవరి నేత అన్న వివరాలు లేకుండా రూపాంతరణ చరిత్ర సగమే అవుతుంది. రాట్నం ముందు కూర్చునే వృద్ధస్త్రీల సంఖ్య తగ్గి, వారి స్థానంలోకి కొత్తవారు రావడం అరుదైన ఈ దశలో, పొందూరులో ఆ పేర్లను అడిగి రాసుకోవడం ఆలస్యం చేయదగని పని.